1964లో కట్టిన ఇల్లు: కూలగొట్టకుండా బాగు చేయించుకోవాలి, సలహాలు కావాలి (నల్లగొండ)

రామగిరి_ఇల్లు | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నల్లగొండ రామగిరిలో మా తాత కట్టించిన ఇల్లు ఉంది. తాత నాగార్జునసాగర్ పనిలో ఓవర్సీర్. డ్యామ్ ఇంకా కడుతుండగానే, 1964లో ఈ ఇల్లు పూర్తయింది. గుమ్మం పైన సిమెంటులో గీసిన ఆ సంవత్సరం ఇప్పటికీ చెరిగిపోలేదు. వీధిలో అన్నీ పెంకుటిళ్లు, రాతి మిద్దెలు ఉన్న కాలంలో ఇది కొత్త తరహా ఇల్లు. పల్చటి అంచుతో చదునైన స్లాబు, ముందు పోర్టికో, దాన్ని మోస్తూ ఏటవాలుగా నిలబెట్టిన రెండు ఇనుప పైపులు. పడమర వైపు మెట్ల దగ్గర నిలువుగా ఏడు కాంక్రీటు పలకలు. మెట్ల మలుపులో గుండ్రటి కిటికీ. కిటికీల చుట్టూ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన సిమెంటు చట్రాలు. హాల్లో పసుపు, నలుపు మొజాయిక్. హాలుకూ పెరడుకూ మధ్య సిమెంటు జాలీ గోడ ఉండేది. 1994లో దొంగల భయంతో నాన్న దాన్ని లోపలి నుంచి ఇటుకలతో మూయించారు.

ఇక బాధలు. వెనక గది స్లాబు పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయి. పడమటి గోడకు అడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ, ఎన్నిసార్లు రంగు వేయించినా పొక్కులే. వైరింగ్ తాత కాలంనాటిది. బాత్రూమ్ పెరట్లో ఉంది. అమ్మకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, రాత్రిపూట బయటికి వెళ్లాలంటే నాకు టెన్షన్. మే నెలలో ఇంట్లో కూర్చోలేం.

తమ్ముడు మొత్తం పడగొట్టి మూడంతస్తులు కడదాం అంటున్నాడు. వాడికీ ఇద్దరు పిల్లలు, వాడి మాటలో న్యాయం ఉంది. మధ్యేమార్గంగా ఒక కాంట్రాక్టర్‌ను పిలిచాం. ఆయన అరగంట తిరిగి చూసి, ఈ పలకలు తీసేసి మంచి ఎలివేషన్ చేద్దాం, మొజాయిక్ మీద రెండు బై నాలుగు టైల్స్ వేద్దాం, స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ పెడితే పెచ్చులు కనపడవు అని చెప్పి వెళ్లాడు. కనపడకపోతే సరిపోతుందా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ముందు ఎవరిని పిలవాలి? ఇలాంటి ఇల్లు బాగు చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.


సూర్యాపేట_కిరాణా | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అక్కా, తొందరపడకండి. మాదీ అట్లాంటి ఇల్లే, కొంచెం చిన్నది. 2016లో పడగొట్టి డూప్లెక్స్ కట్టాం. పడమర ముఖం, ముందంతా అద్దాలు పెట్టించాం. మధ్యాహ్నం రెండు దాటితే హాల్లో ఉండలేక పగలంతా పరదాలు దించి, లోపల లైట్లు వేసుకుంటున్నాం. పాత ఇంట్లో అదే టైముకు మా అమ్మ వరండాలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. టేకు తలుపులు కూడా పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేశాం. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.


సాగర్_రిటైర్డ్ | ఫిబ్రవరి 10, ఉదయం 6:20

అమ్మా, నేను 1968లో సాగర్ ప్రాజెక్టులో చేరాను. కాలువల మీద పనిచేసి రిటైరయ్యాను. మీ తాతగారి తరం వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన రోజు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు దాకా ఆ కొండల మధ్య బతికిన మనుషులు వాళ్లు. అక్కడ చూసిన పనితనాన్ని కొందరు తమ సొంత ఇళ్లకు తెచ్చుకున్నారు. మీ ఇల్లు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

ముందు మీ గోడ ఏమిటో తెలుసుకోండి. ఆ రోజుల్లో సిమెంటు కంట్రోల్‌లో ఉండేది, పర్మిట్ ఉంటేనే బస్తాలు. 1982లో కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అందుకని చాలామంది సిమెంటును స్లాబుకూ ఛజ్జాలకూ మొజాయిక్‌కూ దాచుకొని, గోడలు మాత్రం డంగు సున్నంతో కట్టించేవారు. గిలాబు రాలిన చోట ఇటుకల మధ్య మాలును తాళంచెవితో గీరి చూడండి. తెల్లగా పొడిపొడిగా రాలితే సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉండి చెవి జారిపోతే సిమెంటు.

సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు గిలాబు కొట్టి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తే లోపలి తడికి బయటికి దారి ఉండదు. దారి వెతుక్కుంటూ పైకి పాకుతుంది, రంగును పొక్కిస్తుంది. మీరు ఎన్నిసార్లు రంగు వేయించారో అన్నిసార్లు ఆ దారి మూశారన్నమాట.

ఇక స్లాబు. అప్పట్లో వాడినవి నున్నటి కడ్డీలు, మెలి తిరిగినవి కావు. కడ్డీ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చు ఊడటం అంటే అదే. దానికింద ఫాల్స్ సీలింగ్ పెట్టడం పుండు మీద చొక్కా తొడగడమే. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవండి, మిగతావాళ్లంతా ఆయన తర్వాతే.

ఇంకొక్క మాట. హాలు పెద్దది చేద్దామని ఎవరైనా గోడ మీదికి సుత్తి ఎత్తితే చెయ్యి పట్టుకొని ఆపండి. మీ ఇంట్లో పిల్లర్లు లేవమ్మా, ఆ గోడలే పిల్లర్లు.


రామగిరి_ఇల్లు | ఫిబ్రవరి 10, ఉదయం 7:05

సార్, ఇప్పుడే వెళ్లి గీరి చూశాను. తెల్లగా రాలింది. వేళ్లకు అంటుకుంది కూడా.


జాలీగోడ | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్‌ని, సొంతూరు దేవరకొండ. మీ ఇంటి తీరును మిడ్-సెంచరీ మోడర్న్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, సుమారు 1945 నుంచి 1970 దాకా ప్రపంచమంతా నడిచిన పద్ధతి. మన దేశంలో దీనికి పెద్ద ఊపు చండీగఢ్ నుంచి వచ్చింది. ల కార్బూజియే, పియరీ జన్నెరే అనే ఆర్కిటెక్టులు అక్కడ ఎండను ఆపే కాంక్రీటు పలకలు, లోతైన కిటికీలు, జాలీలు వాడారు. సర్కారు ఇంజనీర్ల చేతుల మీదుగా ఆ ఆలోచన జిల్లా ఊళ్ల దాకా పాకింది. హైదరాబాద్‌లో 1961లో తెరిచిన రవీంద్రభారతి, ఆ దశాబ్దం చివర్లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా గీసిన ఈసీఐఎల్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) ఆఫీసు ఈ కాలపు కట్టడాలే.

కాంట్రాక్టర్ తీసేద్దామన్న పలకల సంగతి చెప్తాను. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు, అప్పుడు కాగేది స్లాబు. సాయంత్రం నాలుగింటికి ఎండ కిందికి వాలి, ఛజ్జా కిందుగా దూరి నేరుగా గోడకు కొడుతుంది. దాన్ని అడ్డంగా ఉన్న ఛజ్జా ఆపలేదు, నిలువు పలకే ఆపాలి.

మీరు ఒకటి చూసి చెప్పండి. ఆ ఏడు పలకలు గోడకు తిన్నగా ఉన్నాయా, ఒక పక్కకు తిరిగి ఉన్నాయా? ఎండాకాలంలో సూర్యుడు పడమర నుంచి కాస్త ఉత్తరానికి జరిగి దిగుతాడు. పలకల బయటి అంచు దక్షిణానికి తిరిగి ఉంటే ఆ ఎండకు అడ్డం పడతాయి, చలికాలపు ఎండను మాత్రం లోపలికి రానిస్తాయి.


రామగిరి_ఇల్లు | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:10

స్కూల్ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా వెళ్లి చూశాను. ఏడూ దక్షిణానికే తిరిగి ఉన్నాయి! చిన్నప్పుడు ఆ సందుల్లో దాక్కునేదాన్ని. దసరాకు తుడిచేది నేనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు తిప్పి పెట్టారో ఆలోచించలేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "తాత లెక్క వేసి పెట్టిండా?" అన్నాడు.


మిర్యాలగూడ_టు_సన్నివేల్ | ఫిబ్రవరి 11, ఉదయం 9:50

మాది మిర్యాలగూడ, ఇప్పుడు కాలిఫోర్నియాలోని సన్నివేల్‌లో ఉంటున్నాం. ఇక్కడ జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ 1940ల చివరి నుంచి 1960ల మధ్య దాకా 11,000కు పైగా ఇళ్లు కట్టాడు, మధ్యతరగతి వాళ్ల కోసమే. రోడ్డు వైపు నుంచి చూస్తే మూసేసినట్టు ఉంటుంది, పెరటి వైపు అంతా గాజు. చాలా ఇళ్లకు మధ్యలో ఆకాశం కనపడే చావడి ఉంటుంది. అలాంటి దాంట్లో మేం ఏడేళ్లు అద్దెకున్నాం. మా అమ్మ వచ్చినప్పుడు ఆ మధ్య చావడి చూసి, ఇది మన మండువా లాగే ఉంది కదరా అంది.

పాలో ఆల్టో, సన్నివేల్ నగరాలు ఈ ఇళ్ల కోసం విడిగా డిజైన్ మార్గదర్శకాలు వేశాయి. కొత్త గది కట్టుకోవచ్చు, కానీ కప్పు గీత ఎత్తు, కిటికీల తీరు పాతదానితో కలవాలి. కొత్తదాన్ని వెనక్కి జరిపి కట్టుకొమ్మంటారు. మీ తమ్ముడి గదుల అవసరానికి ఈ పద్ధతి పనికొస్తుందేమో చూడండి. ఫోటోలు చూసి ఇక్కడి గాజు గోడలు మాత్రం మన ఎండకు తీసుకెళ్లకండి.

పని మొదలయ్యేలోపు ఇల్లంతా కొలతలు తీసి ఫోటోలు తీసిపెట్టుకోండి. తలుపు గొళ్లెం, కిటికీ కొక్కెం, స్విచ్ బోర్డు, ఒక్కటీ వదలొద్దు. పనివాళ్లు విప్పాక ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.


కోదాడ_బాబాయి | ఫిబ్రవరి 11, రాత్రి 8:00

అమ్మాయ్, అందరూ ఎండ లెక్క చెప్తున్నారు, వాస్తు సంగతి ఎవరూ అడగలేదు. ద్వారం ఏ దిక్కు? వంటిల్లు ఎక్కడ? కొత్త బాత్రూమ్ ఈశాన్యంలో మాత్రం పెట్టకండి, రేపు ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా దానిమీదికే పోతుంది మాట.


రామగిరి_ఇల్లు | ఫిబ్రవరి 11, రాత్రి 8:25

తూర్పు ద్వారం బాబాయ్. వంటిల్లు ఆగ్నేయం. మెట్లు పడమర. బాత్రూమ్ అమ్మ గదిని ఆనుకొని వాయవ్యంలో అనుకుంటున్నాం. పాత డ్రైనేజీ లైను కూడా అటే ఉంది, కాబట్టి నేల మొత్తం తవ్వాల్సిన పని లేదు. అమ్మ కూడా వాస్తు అడిగింది. ఆమె మనసుకు నెమ్మదిగా ఉంటేనే నాకూ నెమ్మది.


కోదాడ_బాబాయి | ఫిబ్రవరి 11, రాత్రి 8:31

అయితే ఒక్క తలుపు కూడా మార్చే పని లేదు. నిశ్చింతగా కానివ్వండి.


పాలమూరు_మేస్త్రి | ఫిబ్రవరి 12, రాత్రి 9:20

అక్కా, నాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, మేస్త్రీ పని. మా తాత సాగర్ కట్ట మీద రాయి మోశాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు కూలీలు పోయారు. మీ తాత, మా తాత ఒకే ఎండలో నిలబడి ఉంటారు.

మొజాయిక్ మీద టైల్స్ వేయించొద్దు. ముందు ఒక మూల నాలుగడుగుల మేర పాలిష్ పట్టించి చూడండి, నేల లోపల ఏముందో తెలుస్తుంది. 60, 120, 320 నంబరు రాళ్లు వరసగా వేయాలి, నీళ్లు పోస్తూనే ఉండాలి. చివర్లో ఆక్సాలిక్ పొడి. తొందరపడి మధ్య నంబరు ఎగ్గొడితే మెరుపు వస్తుంది కానీ ఏటవాలుగా వెలుతురు పడ్డప్పుడు చుట్టలు చుట్టలుగా గీతలు కనిపిస్తాయి.

గుంతలు పడ్డ చోట అతుకు వేయడం అసలైన పని. తడి మాలు రంగు చూసి మోసపోవద్దు, ఆరితే తేలిపోతుంది. తెల్ల సిమెంటు, మామూలు సిమెంటు, పసుపు రంగు పాళ్లు మార్చి అరచేతంత బిళ్లలు నాలుగైదు పోయించండి. వారం ఆరనిచ్చి, పాలిష్ పట్టి, నేల పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఏది కలిసిందో అదే వాడాలి. రాయి ముక్కల సైజు కూడా కలవాలి, పాతవాటిలో చిన్నా పెద్దా కలిపి వేసేవారు. గాజు పట్టీలు విరిగిన చోట అంతే మందం గాజు కోయించి పెట్టొచ్చు.

ఇంట్లో అందరికీ ఒక మాట గట్టిగా చెప్పండి. బాత్రూమ్ యాసిడ్‌తో నేల కడగొద్దు. మొజాయిక్‌లో ఉన్నది పాలరాయి ముక్కలు. యాసిడ్ పడితే బుసబుసా నురగ వస్తుంది, మురికి పోతోందని అనుకుంటాం కానీ పోయేది నేల. షాబాద్ బండకూ తాండూరు బండకూ అంతే, అవీ సున్నపురాళ్లే.


నాగర్‌కర్నూల్_కరెంట్ | ఫిబ్రవరి 13, ఉదయం 8:10

వైరింగ్ గురించి. చెక్క పట్టీల మీద నడిపిన పాత వైరు అయితే పూర్తిగా తీసేయండి, అందులో దాచుకునేది ఏమీ లేదు. పై రబ్బరు పెళుసై వేలితో వంచితే రాలిపోతుంది. అప్పటి ఇళ్లలో చాలావాటికి సరైన ఎర్తింగ్ ఉండదు. కొత్త ఎర్త్ గొయ్యి, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి.

పైపుల కోసం సున్నం గోడల్ని అడ్డదిడ్డంగా కోయకండి. చెక్క పట్టీ నడిచిన దారిలోనే పైపు గోడ పైనే నడిపించొచ్చు, నీట్‌గా వేస్తే కంటికి ఇబ్బంది ఉండదు. పాత నల్ల స్విచ్‌ల బోర్డు ఒకటి హాల్లో గుర్తుగా ఉంచుకోవాలనుంటే ఉంచుకోండి, కరెంటు మాత్రం ఇవ్వొద్దు.


రామగిరి_ఇల్లు | మార్చి 16, రాత్రి 10:00

నెల రోజులు కనపడలేదు, క్షమించండి. పరీక్షల డ్యూటీలు, మధ్యలో ఇంటి పని. ఈ రోజు ఇంజనీర్ గారు వచ్చారు. చూసింది చూసినట్టు రాస్తాను.

ముందు సుత్తితో స్లాబు అడుగు మొత్తం తట్టుకుంటూ వెళ్లారు. హాల్లో ఠంగ్ ఠంగ్ అని గట్టి చప్పుడు. వెనక గదికి రాగానే బోలుగా, కుండ మీద కొట్టినట్టు వచ్చింది. ఆ తేడా నా చెవికే తెలిసింది. తర్వాత రెండు చోట్ల చిన్నగా పగలగొట్టి, ఆ తాజా ముక్క మీద సీసాలోంచి ఒక మందు చల్లారు. ఫినాల్ఫ్తలీన్ అట, మా స్కూల్ ల్యాబ్‌లో పిల్లలు వాడేదే. కాంక్రీటులో క్షారం మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తినేసిన చోట రంగు రాదు. హాలు ముక్కలో అంచున వేలి మందం తెల్లగా ఉండిపోయి, దానిపైన అంతా చిక్కటి గులాబీ. కడ్డీ ఆ గులాబీలోనే ఉంది. వెనక గది ముక్కలో రంగు చుక్క కూడా రాలేదు. అమ్మ ఆ గులాబీ రంగు చూసి, మీ తాత ఇంకా ఉన్నాడే అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక గదే ఎందుకు పాడైందో కూడా తేలింది. 1980లలో దాని నెత్తిన సిమెంటు నీళ్ల తొట్టి కట్టించారు. అది పొర్లిన నీళ్లన్నీ అక్కడే నిలిచేవి. ఆ తర్వాత కారుతోందని డాబా మీద ఒక పొర, మళ్లీ కారుతోందని ఇంకో పొర వేయించారు. దాంతో నేల లేచి తూములు సగం పూడిపోయాయి. తాత వదిలిన వాలు ఆ పొరల కిందే ఉంది.

పడమటి గోడ చెమ్మకు కారణం ఇంకా దగ్గర్లోనే ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగింది, మేమూ ప్రహరీ లోపల మట్టి పోయించి సిమెంటు చేయించుకుంటూ వచ్చాం. ఇంటి పునాది గట్టు అడుగున్నర మట్టి కిందికి వెళ్లిపోయింది. తడి పైకి రాకుండా గోడలో వేసిన పొర కూడా దాంతోపాటే కిందికి పోయింది.

ఇంజనీర్ గారి మాట: ముందు గదులు, హాలు, పోర్టికో బాగున్నాయి. వెనక గది స్లాబుకు మరమ్మతు చేయొచ్చు, తొట్టి మాత్రం దించేయాలి. పైన రెండంతస్తులు మోసే పునాది కాదు ఇది.


సాగర్_రిటైర్డ్ | మార్చి 17, ఉదయం 5:55

చాలా సంతోషం అమ్మా. మరమ్మతులో ఒకటి పట్టుబట్టండి. కడ్డీ కింది వైపు గీకి పైన పూత వేస్తే చాలదు. కడ్డీ చుట్టూ, దాని వెనక వేలు దూరేంత కాంక్రీటు తీయాలి. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. సన్నబడ్డ చోట పక్కన కొత్త కడ్డీ కట్టాలి. తర్వాతే తుప్పు ఆపే పూత, పాలిమర్ మాలు, పొరలు పొరలుగా. కింద గట్టిగా జాకీలు పెట్టకుండా సుత్తి ముట్టనివ్వొద్దు. నీళ్లు పట్టే రోజులు తగ్గించుకోనివ్వొద్దు.

పడమర పక్కన మట్టి తీసేసి గట్టు బయటపడేదాకా తవ్వించండి. గోడ పొడుగునా కంకర నింపిన కాలువ చేసి నీళ్లు బయటికి పోయేలా వాలు ఇవ్వండి. సిమెంటు గిలాబు ఒలిచేసి గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వండి. ఆ తర్వాత సున్నం గిలాబు, సున్నం వెల్ల.


జాలీగోడ | మార్చి 17, ఉదయం 11:40

ఇంతవరకు ఆ ఇంటికి జరిగిన నష్టాల్లో ఒక్కటి కూడా మొదటి డిజైన్ వల్ల వచ్చింది కాదు, గమనించారా? తొట్టి, డాబా పొరలు, సిమెంటు గిలాబు, లేచిన మట్టి, మూసిన జాలీ, అన్నీ తర్వాతి చేర్పులు. ఏది తీయాలన్న మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు వచ్చేసింది.

మీ తమ్ముడి కోసం పెరట్లో వెనక పక్కన రెండు గదులు విడి పిల్లర్ల మీద, పాత గోడకు తగలకుండా అంగుళం ఎడం వదిలి కట్టుకోవచ్చు. కప్పు ఎత్తు పాత స్లాబును మించకుండా చూడండి, రోడ్డు మీది నుంచి ఇల్లు 1964లో కనపడినట్టే కనపడుతుంది. కిటికీ చట్రాల్ని అచ్చంగా అనుకరించే పని లేదు. కొలతల నిష్పత్తి కలిస్తే చాలు, కొత్తది కొత్తదిగానే తెలియనివ్వండి.


వనపర్తి_టీచర్ | మార్చి 18, సాయంత్రం 5:00

ఉక్కు కిటికీలు ఉన్నాయా మీ ఇంట్లో? ఉంటే తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించకండి మేడమ్. మావి తుప్పు పట్టి బిగుసుకుపోతే తీసేద్దాం అనుకున్నాం. రంగు పొరలు గీకి, కీళ్లలో నూనె పోసి, ఎండిపోయిన లప్పం తీసి కొత్త లప్పంతో అద్దాలు బిగిస్తే వేలితో తోస్తే తెరుచుకుంటున్నాయి. ఆ సన్నటి చట్రం వల్ల వచ్చే వెలుతురు లావు ప్లాస్టిక్ ఫ్రేములో రాదు.


రామగిరి_ఇల్లు | ఏప్రిల్ 20, రాత్రి 9:15

ఈ రోజు జాలీ తెరిచాం.

పాలమూరు మేస్త్రీ గారే వచ్చారు, ఈ చర్చ చూసి మెసేజ్ పెడితే ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొని. ఇటుక గోడను పైనుంచి ఒక్కొక్క వరస, ఉలితో మెల్లగా తీశారు. మూడో వరస తీయగానే జాలీ కనపడింది. ముప్పై ఏళ్లుగా చీకట్లో ఉండి దానిమీద సాలెగూళ్లు, మట్టి, ఒక పక్కన ఎండిపోయిన కందిరీగల గూడు. ఒక్కో బిళ్ల తొమ్మిది అంగుళాలు, మధ్యలో ఆకు ఆకారం, నాలుగు మూలలా పావు వృత్తాలు. నాలుగు బిళ్లలు కలిసిన చోట ఆ పావులన్నీ కలిసి పూర్తి వృత్తం అవుతుంది. 84 బిళ్లల్లో పగిలినవి ఐదే. మేస్త్రీ గారు మంచి బిళ్ల ఒకటి తీసుకెళ్లి అచ్చు పోయించి కొత్తవి చేస్తానన్నారు.

గోడ సగం దిగేసరికి పెరట్లోని వేపచెట్టు గాలి హాల్లోకి వచ్చింది. అమ్మ కుర్చీ తెచ్చుకొని దుమ్ములోనే కూర్చుంది, లెమ్మన్నా లేవలేదు. ముందు తలుపు పైన వెంటిలేటర్లు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. జాలీలోంచి వచ్చిన గాలి పైనుంచి వేడిని తోసుకుంటూ బయటికి పోతుంది. జాలీ మూశాక ఆ వెంటిలేటర్లు పావురాలకే పనికొచ్చాయి.

భయాలు అయితే ఉన్నాయి. దోమలు, దొంగలు, మా వీధిలో కోతుల బెడద మామూలుగా లేదు. ఎవరైనా జాలీ ఉంచుకొనే దారి చెప్పండి.


పాలమూరు_మేస్త్రి | ఏప్రిల్ 20, రాత్రి 9:50

లోపలి వైపు రెండు అంగుళాలు వదిలి సన్నటి ఇనుప ఊచల గ్రిల్ పెట్టిద్దాం అక్కా. ఊచలు జాలీ బిళ్లల అతుకుల వరసకే వస్తే బయటి నుంచి కనపడవు. దానికి స్టీలు దోమతెర ఫ్రేములు, నాలుగు ముక్కలుగా, విప్పి కడుక్కునేలా. జాలీలో దుమ్ము పేరుకుంటుంది, ఏడాదికి రెండుసార్లు విప్పి పైపుతో నీళ్లు కొట్టాలి. ఆ పని ఉంటుందని ముందే చెప్తున్నా.


సూర్యాపేట_కిరాణా | ఏప్రిల్ 21, ఉదయం 7:30

అక్కా, ఆ అచ్చుతో ఇంకో యాభై బిళ్లలు ఎక్కువ పోయించగలరా? మా పడమటి అద్దాల ముందు కట్టించుకుంటాను. ఖర్చు నాది.


రామగిరి_ఇల్లు | మే 18, మధ్యాహ్నం 3:20

తొట్టి దించేశాం, చిన్న ప్లాస్టిక్ ట్యాంకు మెట్ల గది గోడల మీద పెట్టాం. డాబా మీద పాత పొరలు రెండూ తీసి, తాత వాలు ప్రకారమే ఇటుక ముక్కల కోబా (నీళ్లు దిగకుండా వేసే పొర) వేసి, పైన తెల్ల పింగాణీ ముక్కలు పరిచాం. వెనక గది స్లాబు అయిపోయింది. మొజాయిక్ అతుకుల కోసం ఆరు బిళ్లలు పోయిస్తే ఐదోది కలిసింది. దాంతో వేసిన అతుకు ఎక్కడుందో ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.

అమ్మ బాత్రూమ్‌లో వారం నుంచి నీళ్లు వస్తున్నాయి. గరుకు బండ వేయించాం, పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ పెట్టించాం. రాత్రిపూట నన్ను లేపడం మానేసింది.

ఇప్పుడు బయట 43 డిగ్రీలు. హాల్లో గోడ గడియారం పక్కన పెట్టిన థర్మామీటర్ 36 చూపిస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది, అంతే. పోయిన ఏడాది ఇదే నెలలో మేం కూలర్ అద్దెకు తెచ్చుకున్నాం.

తమ్ముడు నిన్న వచ్చి వెనక గదులకు ముగ్గు పోయించుకున్నాడు. పైపుల రంగు గురించి గొడవ పెట్టుకున్నాడు నాతో. పోర్టికో పైపులు గీకితే అడుగున ఆకుపచ్చ రంగు బయటపడింది, వాడికి అదే కావాలట, నేను నలుపు అన్నాను. ఆకుపచ్చే వేయిస్తున్నాం.


మిర్యాలగూడ_టు_సన్నివేల్ | మే 19, ఉదయం 10:05

గీకినప్పుడు వచ్చిన ఆ రంగు పెచ్చు ఒకటి పారేయకుండా కవర్లో పెట్టుకోండి. షాపులో చూపిస్తే సరిగ్గా అదే కలుపుతారు. మీ తమ్ముడికి నా తరఫున శభాష్ చెప్పండి.


సాగర్_రిటైర్డ్ | జూన్ 2, ఉదయం 6:10

అమ్మా, తొలకరి దగ్గరపడింది. తూములు, పడమటి కంకర కాలువ ఒకసారి బిందెడు నీళ్లు పోసి చూసుకోండి. పడమటి గోడకు గిలాబు తొందరపడొద్దు, ఇంకా ఆరాలి. వానకు పైన తాటాకో పట్టానో కప్పండి, గోడకు అంటకుండా.

నాకు 79 నడుస్తోంది. వీలైతే ఒకసారి వచ్చి ఆ పలకలు, మెట్ల దగ్గరి గుండ్రటి కిటికీ చూడాలని ఉంది. మీకు ఇబ్బంది లేకపోతేనే.


రామగిరి_ఇల్లు | జూన్ 2, ఉదయం 6:40

సార్, అంత మాట అనకండి, మీ ఇల్లే అనుకోండి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి రండి. ఎండ ఆ పలకల మీద పడేది అప్పుడే. మా తమ్ముడు బస్టాండ్‌కు వస్తాడు. అమ్మ సర్వపిండి చేస్తానంటోంది.